కొల్లేటిపై ముసురు: ఒక వేట నేర్పిన పాఠాలు



సంచికకు ఏదైనా రాయండి అని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము ఐదుగురం ఒకే మాట అనుకున్నాం. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా కొల్లేటికి చేపల వేటకు వెళ్లి, వానలో గాలిలో చిక్కుకొని, బుట్ట నిండకుండానే తిరిగి వచ్చిన సంగతి రాయాలి అని. ఇది గొప్ప సాహసం అని చెప్పుకోవడానికి కాదు. నిజానికి మేము చేసింది తెలివితక్కువ పని. అయితే ఆ రోజు ఎందుకు అలా జరిగిందో మా టీచర్లు తరువాత పాఠంలాగ విడమరిచి చెప్పారు. అది మాతోనే ఆగిపోకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం. మన హాస్టల్లో చెరువు పక్క ఊళ్లవాళ్లు, కాలువ గట్లవాళ్లు, లంక గ్రామాలవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వారికి ఇది తప్పక ఉపయోగపడుతుంది.

కొల్లేరు ఎలాంటిది?

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లపు ప్రాంతంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులూ, ఎన్నో మురుగు కాలువలూ ఇందులోకి వచ్చి చేరుతాయి. కానీ బయటికి పోయే దారి ఒక్కటే. అదే ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు ఎక్కువ, పోయే దారి ఒకటి కావడంతో పెద్ద వానలు పడితే కొల్లేరు త్వరగా ఉబ్బుతుంది, నెమ్మదిగా తీస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు చివరికి చేరవలసింది కూడా ఇక్కడికే.

ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వం పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో పెద్దఎత్తున కొట్టివేశారు. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉన్న ఈ సరస్సు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోవాలి. కొల్లేరు విశాలమైనదే కాని లోతైనది కాదు. చాలా చోట్ల నడుము లోతు, గుండె లోతు నీరే. "ఇంతేనా, మునిగిపోతామా ఏమిటి?" అని మేము అనుకున్నది ఇందుకే. లోతు తక్కువైన నీరు కూడా ఎంత ప్రమాదమో మాకు అప్పుడు తెలియదు.

సముద్రానికి చెప్పారు, మనకు కాదు!

అది కార్తీక మాసం, విశాఖ కార్తె. శరదృతువు ముగిసిపోయే రోజులు. రెండో శనివారం, ఆదివారం కలిసి సెలవు వచ్చింది. మా జట్టులో ఒకడిది కొల్లేటి లంక గ్రామం. వాళ్ల నాన్న దోనె మీద వెళ్లి మావులు పెట్టి చేపలు పడతాడు. ఆయనను మేమందరం బాబాయ్ అని పిలుస్తాం. "మీ ఊరు తీసుకెళ్లరా, వేట చూపించరా" అని మావాడి ప్రాణం తీసేశాం. వార్డెన్ గారి దగ్గర అనుమతి తీసుకొని శుక్రవారం సాయంత్రమే చేరుకున్నాం.

ఆ రాత్రి టీవీలో వార్త వచ్చింది. ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని, బలపడి వాయుగుండంగా మారవచ్చని, మత్స్యకారులు సముద్రంలోకి వేటకు వెళ్లవద్దని చెప్పారు. మేము దిగులుపడ్డాం. ఇంతలో మాలో ఒకడు, "అది సముద్రానికి చెప్పారురా, మన కొల్లేటికి కాదు" అన్నాడు. అందరం సంతోషించాం. బాబాయ్ మాత్రం ఏమీ అనలేదు. పిన్ని పెట్టిన అన్నం తిని, అరుగు మీదికి వెళ్లి చాలాసేపు తూర్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

తెల్లవారేసరికి మబ్బు మూసుకొని, సన్నగా తుంపర పడుతోంది. "గాలి మొహం బాగోలేదురా అబ్బాయిలూ, ఇవాళ వద్దు" అన్నాడు బాబాయ్. మేము ముఖాలు వేలాడేశాం. దానికి తోడు ఆయనకూ ఒక అవసరం ఉంది. రెండు రోజుల క్రితం 40 మావులు నీళ్లలో పెట్టి వచ్చాడు. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన చేపల బోను. చేప లోపలికి పోగలదు, తిరిగి బయటికి రాలేదు. గాలివాన ముదిరితే మావులు కొట్టుకుపోతాయి, లేదా గుర్రపు డెక్క కిందికి పోయి కనబడవు. మధ్యాహ్నానికి తుంపర ఆగింది. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, గబగబా వెళ్లి మావులెత్తుకొని వచ్చేద్దాం" అన్నాడు.

రెండు తాటి దోనెలు. ఒకదాన్ని బాబాయ్, రెండోదాన్ని మావాడి అన్నయ్య గెడ వేసి నడిపారు. మేము ఐదుగురం రెండింటిలో సర్దుకున్నాం. మావులు పెట్టింది ఊరికి నైరుతి దిక్కున. గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. వెనక నుంచి గాలి తోస్తుంటే దోనెలు జారిపోయినట్లు సాగాయి. "ఎంత హాయిగా ఉందో" అనుకున్నాం. అదే మా పొరపాటు. పోయేటప్పుడు గాలి వీపున ఉంటే, వచ్చేటప్పుడు ముఖాన ఉంటుంది అన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

పద్నాలుగు మావులు

మొదటి మావు ఎత్తినప్పుడు మా ఉత్సాహం చెప్పనలవి కాదు. అందులో గుప్పెడు పరిగెలు, ఒక మట్టగిడస. రెండోదాంట్లో ఏమీ లేదు. మూడోదాంట్లో ఒక ఇంగిలాయి. మావాడు దాన్ని ముట్టుకోనివ్వలేదు, ముల్లు గుచ్చుకుంటే మంట పుడుతుందన్నాడు. మాలో ఇద్దరు గాలం కూడా వేశారు. గంటసేపు కూర్చున్నా ఒక్క చేపా ఎర ముట్టలేదు. నీళ్లలో చేపకు బేరం పెట్టినట్లు, ముందురోజు రాత్రి మేము పంచుకున్న కొర్రమీనులన్నీ నీళ్లలోనే ఉండిపోయాయి.

పద్నాలుగో మావు ఎత్తేసరికి వాన మొదలైంది. ఈసారి తుంపర కాదు, ఏటవాలుగా కొట్టే వాన. గాలి ఒక్కసారిగా పెరిగింది. పొట్టి అలలు, ఒకదాని వెంట ఒకటి వచ్చి దోనె పక్కకు కొట్టాయి. దోనెలోకి నీళ్లు వచ్చాయి. మాలో ఒకడు భయపడి లేచి నిలబడ్డాడు. దోనె ఒక పక్కకు ఒరిగింది. "కూకోరా!" అని బాబాయ్ అరిచిన అరుపు మాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అంతవరకు ఆయన మా మీద గొంతు పెంచింది లేదు.

ఇంకా 26 మావులు నీళ్లలో ఉన్నాయి. అవి కంటికి కనిపించేంత దూరంలోనే ఉన్నాయి. బాబాయ్ వాటివైపు ఒకసారి, మావైపు ఒకసారి చూశాడు. "పోనీయండి, తిరిగిపోదాం" అన్నాడు.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు ముప్పావు గంట పట్టిన దారి. వచ్చేటప్పుడు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో బాబాయ్ చేసిన పనులు నాలుగు. అప్పుడు మాకు అర్థం కాలేదు గాని, తరువాత ఒక్కొక్కదాని వెనక ఉన్న సైన్సు తెలిసింది.

మొదటిది, రెండు దోనెలను పక్కపక్కన చేర్చి, మీద అడ్డంగా గెడ వేసి తాడుతో బిగించి కట్టాడు. రెండోది, మమ్మల్ని అందరినీ దోనె అడుగున కూర్చోబెట్టి, ఇద్దరిని ఆపకుండా నీళ్లు తోడమన్నాడు. మూడోది, నేరుగా ఊరివైపు పోకుండా, కిక్కిస పొదల వెనక గాలి తగలని పక్కనుంచి చుట్టూ తిప్పి నడిపాడు. ఒకచోట పొద వెనక అరగంట ఆగిపోయాం కూడా. నాలుగోది, వానలో ఊరు కనబడకుండా పోయినప్పుడు అందరినీ మాట్లాడకుండా ఉండమన్నాడు. కాసేపటికి గాలిలో తేలుతూ ఊరి శివాలయం మైకులోంచి కార్తీక మాసం పాటలు వినిపించాయి. ఆ చప్పుడు వచ్చిన దిక్కుకే గెడ వేశాడు.

చీకటి పడే వేళకు గట్టు చేరాం. చలికి మా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పిన్ని ఏమీ అడగలేదు. తడిబట్టలు విప్పించి, పొడి దుప్పట్లు కప్పి, వేడివేడి గంజి పోసింది. ఆ రాత్రంతా గాలి. పొద్దున మేము కూడా వెళ్లి గట్టు పొడుగునా వెతికితే 26 మావుల్లో 9 దొరికాయి. వాటిలో మూడు విరిగిపోయి ఉన్నాయి.

బడిలో పాఠం

సోమవారం ఈ సంగతి ఎలాగో మా టీచర్లకు తెలిసింది. తిడతారని తలలు దించుకున్నాం. భౌతికశాస్త్రం మేడమ్ తిట్టలేదు. "ఏమేం జరిగిందో వరసగా చెప్పండి" అని అడిగి, బోర్డు మీద రాసి, ఒక్కొక్కదానికి కారణం మాచేతనే చెప్పించారు. జీవశాస్త్రం మాస్టారు చేపల సంగతి చెప్పారు. అందులో ముఖ్యమైనవి ఇవి.

1. అల్పపీడనం అంటే ఏమిటి? సముద్రం మీద వేడెక్కిన తేమగాలి పైకి లేచినచోట గాలి పీడనం తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి అటు పరుగెడుతుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి నేరుగా పోక, మన ఉత్తరార్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. గాలి వేగాన్నిబట్టి భారత వాతావరణ శాఖ పేర్లు పెట్టింది. గంటకు 31 కిలోమీటర్ల లోపైతే అల్పపీడనం. 31 నుంచి 49 వరకు వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 నుంచి 88 వరకు తుఫాను. 89 నుంచి 117 వరకు తీవ్ర తుఫాను. 118 దాటితే అతి తీవ్ర తుఫాను, ఆపైన ఇంకా పెద్ద పేర్లు ఉన్నాయి. ఈ సుడి వందల కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంటుంది. దానికి సముద్రపు ఒడ్డు దగ్గర ఆగిపోవాలన్న నియమం లేదు. "సముద్రానికి చెప్పారు, మనకు కాదు" అన్నది ఎంత తప్పో అప్పుడు తెలిసింది.

2. సుడి ఎటువైపు ఉందో తెలుసుకోవడం ఎలా? గాలికి వీపు పెట్టి నిలబడండి. ఉత్తరార్ధగోళంలో తక్కువ పీడనం మీ ఎడమ చేతివైపు ఉంటుంది. దీన్ని 1857లో బాయిస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త సూత్రంగా చెప్పాడు. ఆ రోజు గాలి ఈశాన్యం నుంచి వచ్చింది. వీపు పెడితే మన ముఖం నైరుతికి, ఎడమచేయి ఆగ్నేయానికి. ఆగ్నేయంలో ఉన్నది బంగాళాఖాతమే! బాబాయ్ రాత్రి అరుగు మీద కూర్చొని చూసింది ఈ సంగతే. ఆయనకు సూత్రం పేరు తెలియదు, విషయం తెలుసు.

3. గాలి కాస్త పెరిగితే అంత తేడా ఎందుకు? గాలి తోసే బలం దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలి 30 అయితే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. 45 అయితే తొమ్మిదింతలు. దానికి తోడు, గాలి అడ్డులేకుండా ఎంత దూరం నీటిమీద వీస్తే అల అంత పెరుగుతుంది. లోతు తక్కువైన నీటిలో అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. చిన్న దోనెకు ఇవే ఎక్కువ ప్రమాదం. కిక్కిస పొద వెనక గాలీ తగ్గుతుంది, అలా తగ్గుతుంది. బాబాయ్ చుట్టుదారి పట్టింది అందుకే.

4. దోనె ఎందుకు ఒరిగింది? మనిషి నిలబడితే గరిమనాభి పైకి పోతుంది. సన్నని దోనెకు అప్పుడు నిలకడ ఉండదు. అడుగున కూర్చుంటే గరిమనాభి దిగుతుంది. రెండు దోనెలు కలిపి కడితే అడుగు వెడల్పవుతుంది, ఒరగడం కష్టమవుతుంది.

5. గుడి పాట ఎలా వినిపించింది? నేల దగ్గర గాలి వేగం తక్కువ, పైన ఎక్కువ. అందువల్ల గాలివాలుగా పోయే ధ్వని కిందికి వంగి చాలా దూరం వినబడుతుంది. గాలికి ఎదురుగా పోయే ధ్వని పైకి వంగిపోతుంది. ఊరు గాలి వచ్చే వైపు ఉంది కాబట్టి పాట మాకు వినిపించింది. అదే సమయంలో మేము ఎంత అరిచినా ఊళ్లో ఒక్కరికీ వినబడి ఉండదు. ఈ మాట మేడమ్ చెప్పినప్పుడు మా ఒళ్లు జలదరించింది.

6. చేపలు ఎందుకు పడలేదు? చేప శీతల రక్త జీవి. నీరు చల్లబడితే దాని ఒంట్లో పనులన్నీ మందగిస్తాయి, ఆకలి తగ్గుతుంది, ఎరకు రాదు. రెండో కారణం ఆక్సిజన్. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాములు కరుగుతుంది. పగలు ఎండలో నీటి మొక్కలు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ ఇస్తాయి. ముసురు పట్టి ఎండ లేకపోతే ఇచ్చేది తగ్గుతుంది, రాత్రింబవళ్లు అన్ని జీవులూ పీల్చుకొనేది మాత్రం ఆగదు. తెల్లవారుజామున చెరువుల్లో చేపలు నోళ్లు తెరుచుకొని పైకి రావడం మనం చూసిందే. ముసురు రోజుల్లో చేపల చెరువుల రైతులు మేత తగ్గించి ఏరియేటర్లు తిప్పేది ఇందుకే. అయితే కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి వంటివి పైకి వచ్చి గాలిని కూడా పీల్చగలవు. మాకు పడిన కాసిని చేపల్లో మట్టగిడస, ఇంగిలాయి ఉండడం కూడా గమనించదగ్గదే.

7. వాన లెక్క. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 10 సెంటీమీటర్లు అంటే చదరపు మీటరుకు 100 లీటర్లు. 308 చదరపు కిలోమీటర్ల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 3 కోట్ల 8 లక్షల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అంటే పైనుంచి వచ్చే ఏరులను లెక్కించకుండానే, సరస్సు మీద నేరుగా పడినదే ఒక టీఎంసీ దాటుతుంది! ఒక్క ఉప్పుటేరు దాన్ని ఎన్నాళ్లకు తీయాలో ఆలోచించండి.

8. పళ్లు ఎందుకు కొట్టుకున్నాయి? నీరు మన ఒంటి వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తడిబట్ట మీద గాలి తగిలితే ఇంకా చల్లబడతాం. వణుకు అనేది ఒళ్లు వేడి పుట్టించుకోవడానికి చేసే ప్రయత్నం. వణుకు ఆగి, మాట తడబడి, మగత వస్తే అది మంచికి కాదు, ప్రమాద సూచన. పిన్ని చేసినట్లు ముందు తడిబట్ట తీసి, పొడిబట్ట కప్పడమే మొదటి చికిత్స.

హెచ్చరిక విలువ

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన గురించి మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అదీ ఈ రోజుల్లోనే, కార్తీక మాసంలోనే వచ్చింది. సుమారు పది వేల మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కూడా చిన్న తుఫాను కాదు. అయినా మన రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద లోపే. తేడా ఎక్కడ వచ్చింది? ఉపగ్రహాలు, రాడార్లు, ముందస్తు హెచ్చరికలు, జనాన్ని ముందుగా తరలించడం, తుఫాను షెల్టర్లు. హెచ్చరిక పంపడానికి ఇంతమంది కష్టపడుతుంటే, అది విని "మనకు కాదులే" అనుకున్నవాళ్లం మేము.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల గురించి కూడా తెలుసుకోండి. 1 నుంచి 11 వరకు ఉంటాయి. 1, 2 అంటే ప్రమాదం ఇంకా దూర సముద్రంలో ఉంది. 3, 4 అంటే ఆ రేవుకే ముప్పు ఉండవచ్చు. 5 నుంచి 7 వరకు ప్రమాదం, 8 నుంచి 10 వరకు పెను ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం.

ముసురు రోజు కూలి ఎవరిది?

పాఠమంతా అయ్యాక మావాడు ఒక మాట అన్నాడు. అంతవరకు వాడు ఏమీ మాట్లాడలేదు. "మేడమ్, వాన వస్తే బడికి సెలవిస్తారు. మా నాన్నకు వాన సెలవు కాదు, పస్తు" అన్నాడు. క్లాసు నిశ్శబ్దమైపోయింది.

ఆ తరువాత మేము లెక్క వేసుకున్నాం. పోయినవి 17, విరిగినవి 3. మొత్తం 20 మావులు. అంటే బాబాయ్ సామానులో సగం. మేము దోనెలో లేకపోతే ఆయన మిగతా మావుల కోసం ఆగేవాడేమో. ఆగితే ఏమయ్యేదో చెప్పలేం. మా నలుగురి దగ్గర కాస్మెటిక్ ఛార్జీల్లో మిగిలిన డబ్బులు కూడబెట్టి తీసుకెళ్లి ఇవ్వబోతే ఆయన పుచ్చుకోలేదు. "మావులు అల్లుకుంటే వస్తాయిరా. మిమ్మల్ని మీ అమ్మలకు ఎక్కడినుంచి తెచ్చిచ్చేవాణ్ణి?" అన్నాడు.

అందుకని సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు మేము వాళ్ల ఇంటికి వెళ్లి, వెదురు బద్దలు చీరడం, అల్లడం నేర్చుకున్నాం. చేతులు కోసుకున్నాయి. మేము అల్లిన మొదటి రెండు మావులు చూసి మావాడి అన్నయ్య, "వీటిలోంచి చేప టికెట్ లేకుండా బయటికి వచ్చేస్తుంది" అని నవ్వాడు. చివరికి మా చేతిమీదుగా 11 మావులు తయారయ్యాయి. అవి ఇప్పటికీ కొల్లేటిలో ఉన్నాయని చెప్పుకోవడానికి మాకు గర్వంగా ఉంటుంది.

నీటి మీదికి వెళ్లేవారికి సూచనలు

1. బయలుదేరే ముందు వాతావరణ వార్త తప్పక వినాలి. సముద్రానికి ఇచ్చిన హెచ్చరిక తీర ప్రాంతపు చెరువులకు, కాలువలకు కూడా పనికివస్తుంది.

2. వీలైతే వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లాలి. ఓపిక ఉన్నప్పుడే కష్టమైన దారి అయిపోతుంది, అలసినప్పుడు గాలి ఇంటికి తోస్తుంది.

3. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పాలి.

4. లైఫ్ జాకెట్ లేకుండా దోనె ఎక్కవద్దు. దోనెలో మూత గట్టిగా బిగించిన ఖాళీ నూనె డబ్బాలు కూడా కట్టి ఉంచుకోవాలి. 5 లీటర్ల ఖాళీ డబ్బా సుమారు 5 కిలోల బరువును తేల్చగలదు. ఆర్కిమెడిస్ సూత్రం గుర్తుంది కదా!

5. దోనెలో నిలబడవద్దు. నీరు తోడడానికి ఒక డొక్కు, ఒక తాడు తప్పక ఉండాలి.

6. నీరు నడుము లోతే కదా అని దూకవద్దు. అడుగున బురద కాళ్లను పట్టేస్తుంది, నాచు, తీగలు చుట్టుకుంటాయి.

7. మెరుపు కనబడ్డాక ఎన్ని సెకన్లకు ఉరుము వినిపించిందో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్ల లోపే వినిపిస్తే వెంటనే నీటి మీదినుంచి బయటికి రావాలి.

8. దోనె నడిపేవారు "తిరిగిపోదాం" అంటే మారుమాట్లాడవద్దు. "ఇంకొక్కసారి" అని బతిమాలవద్దు. ఆపదలో 112కు ఫోన్ చేయాలి.

ముగింపు

మేము ఆ రోజు తెచ్చినది పద్నాలుగు మావులు, ఒక పూట కూరకు సరిపోయే చేపలు. కాని చదువు అంటే పుస్తకంలో ఉన్నది, బతుకు అంటే ఊళ్లో ఉన్నది, రెండూ వేరు అనుకొనే మాకు, అవి ఒకటేనని ఆ మూడు గంటల్లో తెలిసింది. బాబాయ్‌కు తెలిసిన గాలి, మేడమ్ చెప్పిన గాలి ఒక్కటే. మన అమ్మానాన్నల పనిలో ఎంత శాస్త్రం ఉందో గమనించండి. వారు చదువుకోకపోయినా తెలియనివాళ్లు కారు. మనం చదువుకొని ఆ తెలివికి కారణాలు చెప్పగలిగితే, వారికి ఇంకా భద్రమైన పనిముట్లు, ఇంకా ముందుగా హెచ్చరికలు అందించగలిగితే, మన హాస్టల్ అన్నానికి, మన చదువుకు అర్థం ఉన్నట్లే.

చివరగా తమ్ముళ్లకు మూడు ప్రశ్నలు. జవాబులు నోటు పుస్తకంలో రాసి మీ సైన్సు టీచరుకు చూపించండి.

1. గాలి పడమర నుంచి వీస్తుంటే తక్కువ పీడనం ఏ దిక్కున ఉంటుంది?

2. మీ ఊరి చెరువు విస్తీర్ణం 50 ఎకరాలు అనుకోండి. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. 6 సెంటీమీటర్ల వాన పడితే చెరువు మీద నేరుగా పడిన నీరు ఎన్ని లీటర్లు?

3. మీ ఇంట్లో పెద్దవాళ్లు వాన రాకను ఏయే గుర్తులతో చెబుతారు? వాటిలో ఒకదానికి కారణం రాయండి.